కారు మీది, తలుగు మాది

ముందు నా నడుము సంగతి

ముప్పై నాలుగేళ్ళకే రిటైరయ్యానంటే జనం నన్ను రెండు రకాలుగా చూస్తారు. వీడికి లాటరీ తగిలిందేమోనని కొందరు, ఎక్కడో దొరికిపోయాడేమోనని కొందరు. రెండూ కాదు. నా నడుములో డిస్క్ పక్కకు జరిగింది. పదిహేనేళ్ళపాటు పాత కార్లకు ధర కట్టే పని చేశాను. నేలకు జానెడు ఎత్తులో ఉండే కార్లలోకి పాములా దూరాను, పాములా బయటికొచ్చాను. పాముకు అది కుదురుతుంది. నాకు కుదరదని డాక్టరు ఫొటో తీసి మరీ చూపించాడు.

ఇప్పుడు వనపర్తిలో మా ఆవిడ చీరల దుకాణంలో మెత్తటి కుర్చీలో కూర్చుని, ఏ చీరకు ఏ రంగు ఫాల్ కుదురుతుందో చెబుతున్నాను. ఫాల్ రంగు తప్పు చెబితే ఎవరి ప్రాణమూ పోదు. పాత ఉద్యోగం గురించి ఆ మాట అనలేను.

మా చిన్నమ్మ కొడుకు నాగర్‌కర్నూల్లో సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీ తెరుస్తున్నాడు. తెరవకముందే ఒకడు పాత జపాన్ స్పోర్ట్స్ కారు తెచ్చి వాళ్ళింటి ముందు పెట్టాడట. దానికి వెనక రెక్క, కింద నీలం లైట్లు. "దీనికి ధరెట్ల కట్టాల్నో రాసియ్యన్నా, చెప్తె మర్చిపోత" అన్నాడు. అందుకే ఇది రాస్తున్నాను. వాడొక్కడికే రాస్తే వాడు చదవడు గనక, ఈ పనిలోకి వచ్చే అందరికీ రాస్తున్నాను.

మామ చూసే తీరు

నేను పని నేర్చుకుంది నరసింహ మామ దగ్గర. సొంత మామ కాదు, ఊరందరికీ మామే. వయసులో ఉన్నప్పుడు పెబ్బేరు సంతలో ఎడ్ల బేరగాడు. ట్రాక్టర్లు వచ్చి ఎడ్ల బేరం తగ్గాక ట్రాక్టర్ల బేరం చేశాడు, ఆ తర్వాత కార్లు. వస్తువు మారింది గానీ భుజం మీది తువ్వాల మారలేదు. ధర ఖాయం చేసేటప్పుడు ఇద్దరి చేతుల మీదా తువ్వాల కప్పేవాడు. కింద వేళ్ళు నొక్కుకుంటారు. ఎంతకు తెగిందో పక్కనున్నవాళ్ళకు తెలియదు. చొక్కా టక్ చేసుకుని వచ్చిన ఇంజనీరు బాబులు కూడా ఆ తువ్వాల కింద చేయి పెట్టి, సూది మందుకు చేయి చాపినట్టు ముఖం పెట్టేవాళ్ళు.

మామ బానెట్ ఎత్తడు. ముందు కారు వెనకాల నిలబడతాడు. దుమ్ములో రెండు బకెట్ల నీళ్ళు పోయించి, ఆ బురద మీదుగా కారును మెల్లగా నడపమంటాడు. ముందు చక్రాల అచ్చులోనే వెనక చక్రాలు పడితే కారు నిటారుగా ఉన్నట్టు. పక్కకు పడితే ఎక్కడో గుద్దుకుని అతుకులు పడినట్టు. "కుంటె ఎద్దు గూడ నిలవడితె మంచిగనే కనవడ్తది. నడిపియ్యాలె" అనేవాడు. ఈ పరీక్షకు కంప్యూటర్ అక్కర్లేదు. ప్యాంటు పాడవుతుంది, అంతే.

ఇంకో ఆచారం ఉంది. దాన్ని గుర్తు పెట్టుకోండి, ముందు ముందు మన పీకల మీదికి వస్తుంది. మా దిక్కు ఎద్దును అమ్మినవాడు దాన్ని కట్టిన తాడును ఇవ్వడు. ఆ తాడును తలుగు అంటారు. కొన్నవాడు కొత్త తలుగు తెచ్చుకోవాలి. పాతది ఇంట్లోనే ఉండాలి, అది పోతే ఇంటి కలిమి దాని వెంట పోతుందని నమ్మకం. మామ ఈ ఆచారాన్ని కార్లకూ తెచ్చాడు. బేరం తెగగానే తాళంచెవికున్న కీచైన్ ఊడదీసి అమ్మినవాడి చేతిలో పెట్టేవాడు. కొన్నవాడికి మా డ్రాయర్‌లోంచి కొత్త కీచైన్. నేను నవ్వితే, "నవ్వు. నీది పోయేనాడు నేన్నవ్వుత" అనేవాడు.

యజమాని లెక్క, కొనేవాడి లెక్క

మార్పులు చేసిన కారు గురించి అసలు మాట ఇదే. దాని యజమాని పెట్టిన ఖర్చును కూడుకుంటూ వస్తాడు. కొనేవాడు వాటిని ఊడదీయడానికి అయ్యే ఖర్చును తీసివేసుకుంటూ వస్తాడు. ఇద్దరూ ఒకే కారు చుట్టూ ఎదురెదురుగా తిరుగుతుంటారు. మధ్యలో మనం నిలబడాలి.

ఒకసారి కొల్లాపూర్ వాడొకడు పసుపు రంగు కారు తెచ్చాడు. సైలెన్సర్ శబ్దమే దానికి సగం ధర అన్నాడు. కొనేవాడు ఘాట్ రోడ్డులో నడిపి చూస్తానంటే ముగ్గురం మన్ననూర్ దాకా పోయాం. చెక్‌పోస్టు దగ్గర ఫారెస్టు గార్డు చేయి అడ్డం పెట్టాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగి, "లోపల పులులున్నయి సారు. మీకేం గాదు, అవి బెదుర్తయి" అని వెనక్కి తిప్పించాడు. దారి పొడవునా కొనేవాడు ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడినా ఆ శబ్దంలో వినబడదు. బేరం అక్కడే చచ్చింది.

ఒకడికి నచ్చేలా వేసిన కారం ఇంకొకడి నోటికి మంట. పాత జపాన్ కార్ల విషయంలో ఇది మరీ నిజం. ఇప్పుడు వాటిని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళకు కంపెనీ నుంచి వచ్చినట్టున్న కారు కావాలి. మన మూడు జిల్లాల్లో అలాంటిది నాకు ఒక్కటీ కనబడలేదు. అందుకే నేను అడిగే మొదటి ప్రశ్న ఇంజన్ గురించి కాదు. "తీసేసిన సామాను ఎక్కడుంది?" అని. అసలు ధర అందులో ఉంటుంది. పాత ఇనుముకు వేశాం అంటారు, బావమరిది పట్టుకుపోయాడు అంటారు. ఒకాయన కంపెనీ సీటును గడ్డివాము పక్కన పడేస్తే అందులో కోడి గుడ్లు పెడుతోంది. గుడ్లు మాత్రం ఒరిజినల్.

గద్వాల ఎర్ర కారు

ఒక రోజు సాయమ్మ అనే పెద్దావిడ బస్సు దిగి మా ఆఫీసుకు వచ్చింది. గద్వాల పక్క ఊరు. వాళ్ళది సీడు పత్తి సాగు. కొడుకు శేఖర్ కంపెనీలకు, రైతులకు మధ్య ఆ విత్తనాల పని చూస్తాడు. వాడి దగ్గర రెండు తలుపుల ఎర్ర జపాన్ కారు ఉంది. ఎప్పుడో ఒక డాక్టరు గల్ఫ్ నుంచి వస్తూ తెచ్చుకున్నది, చేతులు మారి మారి శేఖర్ దగ్గరికి చేరింది.

"ఆ కారు మా ఇంట్లకెళ్ళి పోవాలె బిడ్డా" అంది.

"ఎంతకు అనుకుంటున్నరు పెద్దమ్మా?"

"ఎంతకైతేంది. ఐతారం లోపల పోవాలె."

ఆదివారం బీచుపల్లి వంతెన దాటాక హైవే మీద పందెం ఉంది. రాయచూర్ దోస్తులు, శేఖర్. పోయినసారి పందెంలోనే శేఖర్ కాలు విరిగి లోపల రాడ్ వేశారు. ఇప్పటికీ కొంచెం ఎగరేసి నడుస్తాడు.

"మరి ఆయన అమ్ముతనన్నడా?"

"కారు గురించి తెలిసినోడు వచ్చి, నేను జెప్పిన ధర ఇస్తె అమ్ముత, లేకుంటె ఐతారం నడుపుత అన్నడు. ఒట్టేసిండు."

"మీ మీదనా?"

"నా మీదేస్తె నేనెందుకు నమ్ముత? కారు మీదేసిండు."

గురువారం మామా నేనూ వాళ్ళింటికి వెళ్ళాం. శేఖర్ మర్యాదస్తుడు. చాయ్ ఇప్పించి, కారు చుట్టూ తిప్పి ఒక్కొక్కటే చూపించాడు. ఇంజన్‌కు టర్బో, బొంగంత సైలెన్సర్, బక్కెట్ సీట్లు, వెనక రెక్క. ముందున్న యజమాని దాన్ని నేలకు దించాడు. గద్వాల నుంచి వీళ్ళ ఊరికి వచ్చే దారిలో ఊరికో స్పీడ్ బ్రేకర్, కొన్నిచోట్ల పలుకుబడి ఉన్న ఇంటికొకటి. కారు కడుపు ప్రతిదానికీ గీసుకుంటోందని శేఖర్ లేత్ షాపులో ఇనుప కడియాలు రెండేసి సగాలుగా చేయించి, స్ప్రింగుల మీద కలిపి అతుకు వేయించాడు. కిందికి దించడానికి ఒకడు ఖర్చు పెట్టాడు, పైకి లేపడానికి ఇంకొకడు. మొత్తానికి కారు పుట్టినప్పటి ఎత్తుకే వచ్చి నిలబడింది.

మార్చనిది ఒక్కటే మిగిలింది, స్టీరింగ్. ప్రతి దసరాకు సాయమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టేది. తీయొద్దంది. శేఖర్ కొన్న స్పోర్ట్స్ స్టీరింగ్ అటక మీద కవరులోనే ఉంది.

మామ నీళ్ళు పోయించాడు. కారు బురదలో నడిచింది. వెనక ఎడమ చక్రం అచ్చు వేలెడు పక్కకు పడింది. మామ నా వైపు చూశాడు. కిందికి దూరేది నేనే కదా. టార్చ్ వేసి చూస్తే ఆ చక్రం మీది కడియానికి అతుకు దగ్గర వెంట్రుకంత నల్లటి గీత కనిపించింది. గోరుతో గీకాను. దుమ్ము కాదు, చీలిక.

"శేఖర్, ఇది పగిలింది. స్పీడు మీద పోతే చక్రం నీకన్న ముందు పోతది."

వాడు వంగి చూశాడు. "గీ గీతకేనా అన్నా. రోజు నడుపుతున్న."

"రోజు నువ్వు స్పీడ్ బ్రేకర్లల్ల నడుపుతున్నవు. ఐతారం హైవే."

"కొనేటోడు వస్తె నడపనే నడప. రానియ్యి." చిరునవ్వు నవ్వాడు. ఎవరూ రారని ఆ నవ్వు.

వాడి ధర పెద్దది. మన దిక్కు ఎవరూ ఇవ్వరు. నాకు తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. బెంగళూరులో పాత జపాన్ కార్లను తిరిగి కొత్తవాటిలా చేసే మంజునాథ్ అనే ఆయన, స్టీరింగ్ ఫొటో చూసి, శనివారం లారీ తీసుకుని వస్తానన్నాడు. చీలిక ఉందని ఫోన్లోనే చెప్పాను. దాచకండి. కొనేవాడి దగ్గర దాచిన లోపం ఎక్కడికీ పోదు, మన నంబర్ వాడి దగ్గరే ఉంటుంది. "పరవాలేదప్పా, అవన్నీ ఎట్లయినా తీసేసేవే" అన్నాడు ఆయన.

శనివారం

మంజునాథ్ పొట్టిగా, నెమ్మదిగా ఉన్నాడు. శేఖర్ సైలెన్సర్ చూపించాడు.

"ఇది తీసేయాల" అన్నాడు మంజునాథ్.

శేఖర్ సీట్లు చూపించాడు. "ఇదీ." రెక్క చూపించాడు. "ఇది బ్యాడ, వద్దు." టర్బో చూపించేసరికి శేఖర్ గొంతు తగ్గింది. మంజునాథ్ ఈసారి తల మాత్రం అడ్డంగా ఊపాడు. పెళ్ళిచూపుల్లో పిల్ల తండ్రిలా అయింది శేఖర్ ముఖం. వీడు అలిగి వద్దంటే రేపు ఆదివారం.

తర్వాత మంజునాథ్ లోపల కూర్చుని స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టాడు. చాలాసేపు తీయలేదు.

"ఇది ఎల్లీ సిగల్లప్పా. ఎక్కడా దొరకదు. దీనికోసమే వచ్చిన్ని."

మామ తువ్వాల తీశాడు. శేఖర్ చేయి, మంజునాథ్ చేయి దాని కిందికి వెళ్ళాయి. శేఖర్ ఒక్కసారి కూడా వేళ్ళు మార్చలేదని వాడి మోచేయి చూస్తే తెలిసింది. మంజునాథ్ మోచేయి రెండు సార్లు కదిలింది, మూడోసారి ఆగిపోయింది. ఒప్పుకున్నాడు. శేఖర్ ధర వచ్చేసింది. వాడు గెలిచినట్టూ లేడు, ఓడినట్టూ లేడు. ఇచ్చిన మాట తననే పట్టేసినట్టుంది.

మామ అలవాటుగా కీచైన్ ఊడదీసి సాయమ్మకు ఇవ్వబోయాడు.

"గిదేంది?" అంది సాయమ్మ.

"తలుగమ్మా."

"గిది తలుగా? బజార్ల దొరికే బిళ్ళ ఇది. చేతిల వట్టుకునేది తలుగు." కారు తలుపు తీసి స్టీరింగ్ మీద చేయి వేసింది. "పసుపు పెట్టిన. ఇది మా ఇంట్ల ఉండాలె."

మంజునాథ్ నా వైపు చూశాడు. "ఏనప్పా ఇది. అదే లేకుంటే నాకు కారెందుకు?"

నేను మామ చెవిలో, "మామా, జర సర్ది జెప్పు. రేపు ఐతారం" అన్నాను. మామ ముఖం చూస్తే నాకు అర్థమైంది. ముప్పై ఏళ్ళు ఊరందరికీ చెప్పిన ఆచారం. ఇప్పుడు అమ్మేవాళ్ళే తలుగు అడుగుతుంటే బేరగాడు కాదనలేడు. కాదంటే పెబ్బేరు సంతలో మళ్ళీ తల ఎత్తలేడు. నేను చెప్పానా, పీకల మీదికి వస్తుందని.

"ఇప్పు అల్లుడూ" అన్నాడు మామ.

పానా తెచ్చి నట్టు విప్పాను. ఒక అమ్మకాన్ని నా చేత్తోనే ఊడదీయడం అదే మొదటిసారి. స్టీరింగ్ చేతిలోకి వచ్చింది. సాయమ్మ దాన్ని కొంగులో చుట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. మంజునాథ్ ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. రాత్రికి కర్నూలులో ఉంటానని మాత్రం అన్నాడు.

నేను ఇంటి వెనక్కి వెళ్ళాను. "పెద్దమ్మా, గిట్ల చేస్తివేంది? కారు ఇంట్లనే ఉండె."

"ఉండనీ. ఎద్దు దుడుకు మీదున్నప్పుడు తలుగు ఎవలన్న ఇడుస్తరా? స్టీరింగ్ లేని కారును ఎట్ల నడుపుతడు?"

ఒక్క నిమిషం ఆమె తెలివికి దండం పెట్టాలనిపించింది. ఆ నిమిషం అయ్యేలోపే ముందువైపు నుంచి శేఖర్ ఫోన్ మాటలు వినిపించి ఇద్దరం అటు వచ్చాం. "అటక మీద స్పోర్ట్స్ స్టీరింగ్ ఉన్నది రా. దాన్ని కారుకు బిగించే నడుమ ముక్క నీ దగ్గరున్నది గద, పొద్దుగాల పట్టుకరా." ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగాడు. "ఒట్టు తీరింది అన్నా. నేను అమ్మిన. వాళ్ళే కొనలే."

సాయమ్మ గుమ్మంలో నిలబడి విన్నది. మళ్ళీ లోపలికి పోయి స్టీరింగ్‌ను ఒళ్ళో పెట్టుకుంది.

ఆదివారం

పొద్దున్నే నేను వాళ్ళింటికి వెళ్ళాను. మామ పంపలేదు. నడుము నొప్పితోనే మోటారు సైకిల్ మీద అంత దూరం వెళ్ళాను.

అప్పటికే రాయచూర్ దోస్తు ఆ ముక్క ఇచ్చి వంతెన వైపు వెళ్ళిపోయాడు. కొత్త స్టీరింగ్ బిగించి ఉంది, చిన్నగా, ఆట బొమ్మకు పెట్టినట్టు. సాయమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. స్టీరింగ్ ఆమె ఒళ్ళో ఉంది. పొయ్యి వెలిగించినట్టు లేదు.

"వచ్చినవా అన్నా" అన్నాడు శేఖర్. "రా. నీ గీత ఎట్లున్నదో సూపిస్త. నీ మనసు గూడ నిమ్మళమైతది."

"సూపియ్యి. కిందికి మాత్రం దూరకు."

"నువ్వు దూరి సూడు మరి."

"నాకు నడుము లేదు."

వాడు నవ్వి, ఎడమ వెనక చక్రం దగ్గర జాకీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. కారు మెల్లగా లేచింది. చక్రం మీది భారం తగ్గి, స్ప్రింగ్ సాగింది. చిన్నగా టక్కుమని చప్పుడు. ఏదో కింద పడింది. తర్వాత ఇంకొకటి పడింది.

శేఖర్ వంగి చేయి పెట్టి రెండూ తీశాడు. కడియం రెండు ముక్కలు. విరిగిన చోట సగం దాకా తుప్పు, మిగతా సగం కొత్త ఇనుములా తెల్లగా మెరుస్తోంది. అంటే ఎప్పుడో సగం పగిలి, మిగిలిన సగం మీద ఇన్నాళ్ళూ మోసింది.



శేఖర్ రెండు ముక్కల్నీ ఒకదానికొకటి ఆనించి చూశాడు, విడదీశాడు, మళ్ళీ ఆనించాడు. కిందనే కూర్చున్నాడు. రాడ్ వేసిన కాలును అరచేత్తో నిమురుకుంటున్నాడు. ఆ నిమరడం వాడికి తెలుస్తున్నట్టు లేదు. ఇంట్లోంచి వాడి ఫోన్ మోగింది. వంతెన దగ్గర ఎదురుచూస్తున్న దోస్తులు అయి ఉంటారు. అది మోగి మోగి ఆగిపోయింది.

"అన్నా, ఆయన కర్నూల్లనే ఉన్నడా?"

"ఉన్నడేమో."

"ఫోన్ చెయ్యి. నేను మాట్లాడ్త."

మంజునాథ్ మధ్యాహ్నానికి వచ్చాడు. మామ కూడా వచ్చాడు, తువ్వాలతో. ధర మీద ఈసారి మాటే రాలేదు, తువ్వాల భుజం దిగలేదు. స్టీరింగ్ ఒక్కటే మిగిలింది. అందరం అరుగు వైపు చూశాం.

సాయమ్మ లేచింది. కొంగుతో స్టీరింగ్ మీది పసుపు తుడిచి మంజునాథ్ చేతిలో పెట్టింది. "తీస్కపో నాయినా."

మామకు ఆచారం గుర్తొచ్చింది. "మరి తలుగమ్మా?"

ఆమె వంగి, దుమ్ములో ఉన్న ఇనుప ముక్కల్లోంచి ఒకటి తీసుకుంది. "గిది."

మంజునాథ్ దాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని తిప్పి చూసి, తనకు అక్కర్లేదన్నట్టు తిరిగి ఇచ్చేశాడు. ఆ కారులో ఎవరి లెక్కలోనూ ధర లేని ముక్క అదొక్కటే.

తమ్ముడూ, నీ ఇంటి ముందున్న కారు దగ్గరికి వెళ్ళు. ముందు వెనకాల నిలబడు. రెండు బకెట్ల నీళ్ళు పోయించు. తీసేసిన సామాను ఎక్కడుందని అడుగు. కారును లేపడానికో దించడానికో పెట్టినవి ఏవైనా ఉంటే, అతుకు దగ్గర గోరు పెట్టి చూడు. ధర తర్వాత. నీలం లైట్లకు మాత్రం ఏమీ కట్టకు.

పోయిన నెల చీరల కోసం గద్వాల వెళ్ళినప్పుడు సాయమ్మ వాళ్ళింటి దగ్గర ఆగాను. శేఖర్ తన భార్య స్కూటీ మీద ఎదురొచ్చాడు. ఆ బండి కంపెనీ ఎలా ఇచ్చిందో అలాగే ఉంది, వెనక చూసే అద్దాలతో సహా. లోపల కొట్టంలో చిలక్కొయ్యకు పాత ఎడ్ల తలుగులు వేలాడుతున్నాయి, ఆ ఎడ్లు ఎప్పుడో అమ్ముడుపోయాయి. వాటి పక్కన విరిగిన కడియం ముక్క, దానికి కుంకుమ బొట్టు. పాత అలవాటు పోదు కదా, చేతిలోకి తీసుకుని బరువు చూశాను, అటూ ఇటూ తిప్పాను.

"పెట్టెయ్ బిడ్డా" అంది సాయమ్మ వెనక నుంచి. "అది అమ్మెది గాదు."

పెట్టేశాను.